ఈ వయసుల గోడలు ఎవరి కోసం?

మన పిల్లలు ఎవరి పక్కన కూర్చోవాలో, ఏ లెక్క ఏ నెలలో నేర్చుకోవాలో, ఎవరితో పోల్చుకుని కుమిలిపోవాలో తేల్చేది వాళ్ల పుట్టిన తేదీ. వాళ్లకి ఏం వచ్చు, ఏం కావాలి, మనసు ఎటు లాగుతోంది అన్నవి ఎవరికీ పట్టవు. ఆధార్ కార్డు మీది తేదీ చూసి పిల్లని ఒక గదిలోకి పంపిస్తారు. ఆ గదిలో ఉన్న నలభై మందీ ఇంచుమించు అదే ఏడాది పుట్టినవాళ్లు. అక్కడి నుంచి పదేళ్లపాటు ఆ పిల్లకి అదే లోకం. ఒకే కంచంలో తిని ఒకే ఆటోలో వచ్చిన అక్కాతమ్ముళ్లు గేటు దాటగానే చెరో అంతస్తుకి వెళ్లిపోతారు. అన్నాల గంట కూడా చిన్నవాళ్లకి వేరు, పెద్దవాళ్లకి వేరు. తమ్ముడు ఏడుస్తున్నాడని తెలిసి అక్క వాడి క్లాసు గుమ్మం దాకా వెళితే, "నీకిక్కడేం పని?" అని గద్దించి పంపేస్తారు.

ఈ ఏర్పాటు తప్పు. పిల్లల్ని వయసులవారీగా విడగొట్టడం చదువు కోసం జరుగుతున్న పని కాదు. పర్యవేక్షణ సులువు కావడం కోసం, పరీక్ష పెట్టడం సులువు కావడం కోసం, ఫీజు వసూలు చెయ్యడం సులువు కావడం కోసం జరుగుతున్న పని. దాని ఖరీదు మాత్రం పిల్లలు చెల్లిస్తున్నారు.

మా ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పన్నెండేళ్లు, పిల్లాడికి ఎనిమిది, చిన్నదానికి ఐదు. ముగ్గురూ ఇంట్లోనే చదువుకుంటున్నారు. ఈ సంగతి తెలియగానే చుట్టాలూ పక్కాలూ అడిగేది ఒకటే. "ఒక్కళ్లయితే సరేనమ్మా, మూడు వయసుల వాళ్లకి ఒకేసారి ఎలా చెబుతావు?" అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు కూడా ఆ గదుల్లోనే పెరిగారు, నేనూ పెరిగాను. నా కోపమంతా, వేర్వేరు వయసుల పిల్లలు కలిసి చదవడం అసాధ్యం అనే నమ్మకాన్ని మన తలల్లో ఇంత లోతుగా నాటిన ఏర్పాటు మీద. ఎందుకంటే ఇంటిబడికి ఉన్న ఇబ్బందిగా లోకం ఏది చూపిస్తోందో, సరిగ్గా అదే దాని బలం.

వయసువారీ తరగతి అనాదిగా ఉన్నదని అనుకుంటాం. లేదు. నేటి జర్మనీ ప్రాంతంలోని ప్రష్యా రాజ్యం ప్రజలందరికీ నిర్బంధ చదువు పెట్టి, పిల్లల్ని తరగతులుగా పేర్చింది. 1843లో అమెరికా నుంచి విద్యా సంస్కర్త హొరేస్ మాన్ వెళ్లి ఆ బడులు చూసి, మెచ్చుకుని వచ్చాడు. 1848లో బోస్టన్‌లో క్విన్సీ గ్రామర్ స్కూల్ తెరిచారు. ప్రతి తరగతికీ విడి గది, ప్రతి గదికీ ఒక టీచరు, ప్రతి పిల్లకీ విడి బల్ల. అమెరికాలో పూర్తిగా తరగతులవారీగా నడిచిన మొదటి బడిగా దాన్ని చెబుతారు. నగరాలు ఉబ్బుతున్నాయి, వేల మంది పిల్లలు వచ్చిపడుతున్నారు, వాళ్లని తక్కువ ఖర్చుతో అదుపులో ఉంచాలి. ఆ అవసరానికి పుట్టిన ఉపాయం అది. పిల్లలు ఇలాగైతేనే బాగా నేర్చుకుంటారని ఎవరో కనిపెట్టి పెట్టింది కాదు. పరిపాలన కోసం వేసిన గీతని మనం ప్రకృతి గీసిన గీత అనుకుని మొక్కుతున్నాం.

మరి అంతకుముందు మన దగ్గర ఏముండేది? వీధిబడి. ఒక అరుగు, ఒక పంతులు, చుట్టూ అన్ని వయసుల పిల్లలు. కొత్తగా చేరినవాడు ఇసకలో అక్షరాలు దిద్దుతుంటే, వాడి చెయ్యి పట్టుకుని దిద్దించేది రెండేళ్ల ముందు చేరినవాడు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ఊళ్లలోని బడుల లెక్కలు తియ్యమన్నాడు. 1823లో బళ్లారి కలెక్టర్ కాంప్‌బెల్ తన జిల్లా నివేదిక పంపాడు. ఇవాళ్టి అనంతపురం ప్రాంతం కూడా అప్పుడు ఆ జిల్లాలోదే. మొత్తం 533 బడులు, వాటిలో తెలుగు బడులు 226. అన్ని బడుల్లో కలిపి చదివేవాళ్లు 6,641 మంది. అంటే సగటున బడికి పన్నెండు మంది. పై పిల్లల చేత కింది పిల్లలకు చెప్పించడం, అలా చెప్పడంలో పై పిల్లల చదువు కూడా గట్టిపడటం ఆ కలెక్టర్‌ను ఆకట్టుకుంది. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించిందనీ, అది అందుకు తగినదేననీ ఆయన రాశాడు. అనుకరించిన మాట నిజమే. 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమ బడికి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్, ఇక్కడి పిల్లలు ఇసకలో రాసుకుంటూ నేర్చుకోవడం చూశాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఏర్పాటు చేసి 1797లో దాని మీద పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి పడిన పేరే మద్రాసు పద్ధతి.

వీధిబడిని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. కాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. అంటరానివాళ్లంటూ ఊరి బయట ఉంచిన కులాల పిల్లలకు చాలాచోట్ల ఆ అరుగు ఎక్కే హక్కే లేదు. బెత్తం దెబ్బలు, తాడుకి వేలాడదీసి కోదండం వెయ్యడం అక్కడి రోజువారీ శిక్షలు. ఆ అన్యాయాన్ని ఊడ్చిపారేసి అందరి పిల్లలకూ బడి తలుపు తెరవాలని పోరాడినవాళ్లకి నేను రుణపడి ఉన్నాను. నా మాట ఒకటే. కులపు అడ్డుగోడ కూల్చాల్సింది, కూల్చే ప్రయత్నం చేశాం, ఇంకా చెయ్యాలి. కానీ చిన్నా పెద్దా కలిసి కూర్చునే ఆ అరుగునెందుకు కూల్చుకున్నాం? చెడుతో పాటు మంచిని కూడా ఎత్తి పారబోసి, దాని చోట వయసుల గోడలు ఎందుకు కట్టుకున్నాం?

కలిసి చదవడం అంటే ఏమిటో ఒక పూట సంగతి చెబుతాను. మా అత్తగారి దగ్గర పాత కొలపాత్రలు ఉన్నాయి. గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. మా వైపు లెక్కలో ఒక్కో పాత్ర దాని కింది పాత్రకు సరిగ్గా రెట్టింపు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, అలా కుంచం దాకా. చాప పరిచి, బియ్యం పోసి, ఏడు పాత్రలూ వరసగా పెట్టాం. చిన్నది గిద్దతో బియ్యం ముంచి సోలలో పోస్తూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టింది. పిల్లాడి పని, సోల మానికలో ఎన్నో వంతో తేల్చడం. పావు వంతు అన్నాడు. అరసోలా గిద్దా కలిపితే తవ్వలో ఎంత? కాసేపు చూసి, చెల్లి చేతిలోని గిద్ద లాక్కుని కొలిచి, ఎనిమిదింట మూడు వంతులు అన్నాడు. పెద్దమ్మాయి కాగితం మీద 1, 2, 4, 8, 16, 32, 64 అని రాసుకుంది. కుంచానికి 64 గిద్దలు. రెండు ఘాతం సున్నా నుంచి రెండు ఘాతం ఆరు దాకా వరస కుదిరింది. అక్కడితో ఆగలేదు. ఏ పాత్రనీ రెండుసార్లు వాడకుండా 1 నుంచి 127 గిద్దల దాకా ఎంతైనా కొలవొచ్చని కనిపెట్టింది. కంప్యూటర్ లెక్కలు నిలబడేది ఈ రెట్టింపుల వరస మీదనే అని నేను చెబితే, నమ్మకం కుదరక మళ్లీ మొదటి నుంచి వేసి చూసుకుంది.

అప్పుడు చిన్నది అడిగింది. "నానమ్మా, గిద్దలో సగాన్ని ఏమంటారు?" అరగిద్ద అంది మా అత్తగారు. పెద్దమ్మాయి కలం ఆగింది. వరసలో ఒకటికి ఎడమవైపు ఇంకేదో ఉందన్నమాట. సగం, పావు, అరపావు. ఘాతం సున్నా దగ్గర ఆగక్కర్లేదు, మైనస్ ఒకటి, మైనస్ రెండు అని పోవచ్చు. రుణ ఘాతాంకాల పాఠం దానికి తెరిచింది నేను కాదు, ఐదేళ్ల చెల్లెలి ప్రశ్న.

ఒకే వయసు పిల్లల గదిలో ఆ ప్రశ్న పుట్టదు. పన్నెండేళ్ల వాళ్ల మధ్య ఉన్న పన్నెండేళ్ల పిల్ల అలాంటి ప్రశ్న అడగడానికి సిగ్గుపడుతుంది. "ఇది కూడా తెలియదా?" అని నవ్వుతారని భయం. ఐదేళ్ల పిల్లకి ఆ సిగ్గు లేదు. చిన్నవాళ్ల ప్రశ్నలు పెద్దవాళ్ల తలుపులు తెరుస్తాయి, పెద్దవాళ్ల పని చూసి చిన్నవాళ్లు రేపటి పాఠం ఇవాళే చెవిన వేసుకుంటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మనం గోడ కట్టి ఆపేశాం. ఆపేసి, పిల్లలకి ఆసక్తి లేదని ట్యూషన్లు పెట్టిస్తున్నాం.

మరి ముగ్గురికీ ఎలా చెప్పడం? మెట్టు మీద మెట్టు ఎక్కాల్సినవి రెండే రెండు. చదవడం రావడం, లెక్కలు చెయ్యడం రావడం. గుణింతాలు రాని పిల్లకి ఒత్తులు చెప్పలేం, భాగహారం రానివాడికి నిష్పత్తులు చెప్పలేం. అందుకే ఈ రెండింటికీ ఒక్కొక్కళ్లకీ విడిగా సమయం ఇవ్వాలి. మా ఇంట్లో పొద్దున్నే ముందు చిన్నదాని వంతు. ఆకలి, అలసట లేని వేళ తల్లి తనతోనే కూర్చుంటే, తర్వాత గంటసేపు దాని ఆట అది ఆడుకుంటుంది. తర్వాత పిల్లాడు. పెద్దమ్మాయి తన లెక్కలు తనే చేసుకుంటూ, ఆగిపోయిన చోట గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తుల దగ్గర మాత్రమే నేను కూర్చుంటాను. ఒకళ్లతో కూర్చుని గట్టిగా అరగంట చెబితే పట్టుబడే పాఠానికి, నలభై మందిలో ఒకళ్లుగా రోజంతా కూర్చోవాల్సిన పని లేదు.

మిగిలినదంతా ఉమ్మడి. ఒకే విషయం, మూడు లోతులు. కరెంటు బిల్లు వస్తే చిన్నది అంకెలు చదువుతుంది, పిల్లాడు కొత్త రీడింగు నుంచి పాత రీడింగు తీసివేస్తాడు, పెద్దమ్మాయి శ్లాబులు చూసి మొత్తం లెక్కకట్టి బిల్లుతో సరిపోల్చుతుంది. రాత్రి పాత చందమామలోని బేతాళ కథ చదువుతాం. కథ అందరికీ ఒకటే. చివర బేతాళుడి ప్రశ్న దగ్గర ఆపేస్తాను. చిన్నది తనకి నచ్చినవాళ్ల పక్షం పడుతుంది, పిల్లాడు కారణం చెబుతాడు, పెద్దమ్మాయి విక్రమార్కుడి జవాబునే తప్పంటూ వాదిస్తుంది. ముగ్గురికీ మూడు పుస్తకాలు, మూడు పాఠాలు, మూడు పరీక్షలు పెట్టాలని ఎవరు చెప్పారు?

ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఇంటిబడి పేరుతో సరుకు అమ్మేవాళ్లు చెప్పారు. ఒక్కో పిల్లకీ ఒక్కో ప్యాకేజీ, ఒక్కో తరగతికీ ఒక్కో యాప్, ఒక్కో ట్యాబు, ఒక్కో టైంటేబుల్. వాళ్ల మాట నమ్మి ఎంతమంది తల్లులు ఇంట్లో మూడు గదుల్లో మూడు క్లాసులు నడపబోయి, ఆరు నెలలకే ఒళ్లూ మనసూ హూనమై పిల్లల్ని తిరిగి బడిలో పడేశారో! ఆ తల్లులు ఓడిపోలేదు. ఏ గోడల నుంచి పారిపోయి వచ్చారో ఆ గోడల్నే నడింట్లో కట్టుకోమని వాళ్లకి అమ్మారు. అమ్మినవాళ్లది నేరం. తలో తెరకీ అతుక్కుని, ఒకే ఇంట్లో ఒకరి పాఠం ఒకరికి తెలియకుండా పెరగడం ఇంటిబడి కానే కాదు. అది బడిలోని చెడునంతా ఇంటికి మోసుకురావడం.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బరువైనది ముందు. "పెద్దపిల్లని ఆయాని చేస్తున్నారు." ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. మన ఇళ్లలో పెద్ద కూతుళ్ల బాల్యాన్ని చంకలో తమ్ముడితోనే కరిగించేశాం. చెల్లెళ్లని సాకడానికి బడి మానేసిన ఆడపిల్లలు మన నానమ్మల తరంలోనే కాదు, ఇవాళా ఉన్నారు. ఇంటిబడి దానికి ముసుగైతే ఆ ఇంటిబడిని నేనే ముందు తగలబెడతాను. కానీ పెంపకపు చాకిరీ వేరు, చెప్పడం వేరు. చిన్నదానికి అన్నం పెట్టడం, స్నానం చేయించడం, ఏడుపు మాన్పించడం తల్లిదండ్రుల పని. దాన్ని అక్క మీద రుద్దడం దోపిడీ. అక్క తనకి తెలిసిన ఒక సంగతిని తన ఇష్టంతో చెల్లికి చెప్పడం చదువులోకెల్లా గట్టి చదువు. తనకి అర్థమైందో లేదో చెప్పేటప్పుడే బయటపడుతుంది. ఈ రెండింటికీ మధ్య గీత గీసి కాపలా కాయాల్సింది ఇంట్లోని పెద్దలు. అందుకే పెద్దమ్మాయికి ఎవరూ పిలవకూడని వేళ ఒకటి రోజూ ఉండాలి. ఆ వేళలో తలుపు వేసుకుంటే, ఇల్లంతా చిన్నదాన్ని ఆపుతుంది గానీ తలుపు కొట్టదు.

రెండోది, "నలుగురితో కలవకపోతే ఎలా?" అసలు కలవనిది ఎవరు? ఏ పొలంలో, ఏ ఆఫీసులో, ఏ బ్యాంకులో, ఏ ఆస్పత్రిలో ఒకే ఏడాది పుట్టినవాళ్లు మాత్రమే కలిసి పనిచేస్తున్నారు? బడి వదిలిన మర్నాటి నుంచి చచ్చేదాకా ఎక్కడా ఎదురుకాని ఒక మందలో పదేళ్లు పెంచి, దాన్ని లోకజ్ఞానం అంటున్నాం. ఆ మందలో పిల్ల నేర్చుకునేది పక్కపిల్లతో పోటీ. అందరిదీ ఒకే వయసు, ఒకే పాఠం, ఒకే పేపరు కాబట్టి ర్యాంకు పెట్టడం సులువు. వయసుతో విడగొట్టి ఊరుకోలేదు, కార్పొరేట్ బడులు మార్కులతో మళ్లీ విడగొట్టాయి. మంచి మార్కుల వాళ్లకి ఒక సెక్షను, మధ్యరకానికి ఒకటి, మిగిలినవాళ్లకి చివరి గది. ఆ చివరి గదిలోని పిల్ల తనని తాను ఏమని అనుకుంటుందో ఏ యాజమాన్యమూ అడగదు. ఎనిమిదేళ్లవాడికి ఐదేళ్ల చెల్లి మీద ఫస్టు ర్యాంకు రాదు, పన్నెండేళ్ల అక్క ముందు లాస్టు ర్యాంకూ రాదు. వయసులు కలిసిన చోట పోలిక నిలవదు. చెప్పడం, అడగడం మాత్రమే మిగులుతాయి. స్నేహితుల కోసమైతే సాయంత్రం వీధిలో క్రికెట్ ఉంది, గ్రంథాలయం ఉంది, అమ్మమ్మ ఊరుంది. నిజానికి పిల్లలు తమంతట తాము ఆడుకునే చోట ఎక్కడా వయసుల గోడలుండవు. వాటిని కట్టేది మనమే.

ఇదంతా ఒక ఇంటి ముచ్చట అని తోసెయ్యకండి. బడుల్లోనూ ఇది జరిగింది, అదీ మన గడ్డ మీదే. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాకేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల కోసం చిన్న చిన్న బడులు నడిపారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలు. పాఠాలన్నిటినీ చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకో కార్డు చేసి, గోడ మీద నిచ్చెన పటం పెట్టారు. తను ఏ మెట్టు మీద ఉందో పిల్లే చూసుకుంటుంది, తన కార్డు తనే తెచ్చుకుంటుంది. కొందరు టీచరుతో, కొందరు పెద్దపిల్లలతో, కొందరు ఒంటరిగా పనిచేసుకుంటారు. నాలుగు రోజులు రాకపోయినా ఆగిన మెట్టు దగ్గర మళ్లీ మొదలు పెట్టొచ్చు, క్లాసు వెళ్లిపోయిందన్న బెంగ లేదు. దాన్ని చూసి వెళ్లిన కర్ణాటక టీచర్లు 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో నలి-కలి పద్ధతి మొదలుపెట్టారు, అది రాష్ట్రమంతా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఈ పద్ధతిని అందుకున్నాయి, తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వెళ్లింది. అంతకుముందే 1972లో, మన సరిహద్దుకు కూతవేటు దూరంలో కోలారు జిల్లా నీల్‌బాగ్‌లో, డేవిడ్ హార్స్‌బరో తరగతులే లేని బడి నడిపి చూపించాడు. మరి తెలుగు రాష్ట్రాలు? మదనపల్లె దగ్గర పుట్టిన విద్యని పక్క రాష్ట్రాలు రాష్ట్రవ్యాప్తంగా అమలు చేస్తుంటే, మనం ఊరి చివర బడిని ఎప్పుడు మూసేద్దామా, ఏ బడిలో కలిపేద్దామా అని జీవోలు రాసుకుంటూ కూర్చున్నాం.

ఇక్కడే నా కోపం రెట్టింపవుతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి వరకూ ఉన్న బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. 90 మంది దాకా ముగ్గురు. పిల్లలు 120 దాటితేనే ఐదుగురు. అంటే ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లుండటం ఎక్కడో జరిగే పొరపాటు కాదు, చట్టం రాసిన లెక్కే. మన పల్లెల్లో అరవై మంది దాటని ప్రాథమిక బడులు కోకొల్లలు. అక్కడ ప్రతి టీచరూ ప్రతి రోజూ రెండు మూడు వయసులకి కలిపి చెప్పాల్సిందే. అయినా పాఠ్యపుస్తకం ఒక్క తరగతికే రాస్తారు, సిలబస్ ఒక్క తరగతికే లెక్కకడతారు, తనిఖీకి వచ్చిన అధికారి ఐదు తరగతుల పోర్షనూ విడివిడిగా అయిందా అని అడుగుతాడు. చేతిలో ఉన్న అవకాశాన్ని రోగంగా చూపించి, ఆ టీచరుని నిందించి, చివరికి "అన్ని తరగతులకూ టీచర్లు లేరు" అన్న సాకుతో బడి మూసేస్తారు. ఆ పిల్లలు మూడు కిలోమీటర్లు నడిచో, అప్పు చేసి కట్టిన ఫీజుతోనో మళ్లీ వయసుల గదుల్లోకి వెళతారు.

అదే చట్టం బడి మానేసిన పిల్లని వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చాలంటుంది. ఉద్దేశం మంచిదే. పదేళ్ల పిల్ల ఆరేళ్ల వాళ్ల మధ్య కూర్చుని అవమానపడకూడదని. కానీ ఆ అవమానం ఎక్కడి నుంచి వచ్చింది? అన్ని వయసులూ కలిసి కూర్చునే గదిలో అది పుట్టనే పుట్టదు. గోడ కట్టి, ఆ గోడ వల్ల పుట్టిన సిగ్గుని పోగొట్టడానికి చట్టం రాసుకున్నాం. పునాదిని మాత్రం ఎవరూ తాకలేదు.

ఇంటిబడి గురించి ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు. పిల్లల్ని దగ్గరలోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, చేర్చకపోతే శిక్ష ఏమిటో చెప్పదు. ఈ మసక వెలుతురులో వేలాది కుటుంబాలు బితుకుబితుకుమంటూ బతకడం అక్కర్లేదు. జాతీయ ఓపెన్ స్కూల్ 1989 నుంచి ఉంది. అందులో పద్నాలుగేళ్లు నిండిన పిల్ల ఏ బడి సర్టిఫికెట్టూ లేకుండా పది రాయొచ్చు, తెలుగులో కూడా రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, పాసైన సబ్జెక్టు పోదు, మిగిలినవి మళ్లీ రాసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూళ్లున్నాయి. ఓపెన్ స్కూల్ వాళ్లకి నీట్ తలుపు మూసిన పాత నిబంధన కూడా పోయింది. దారి ఉంది. ఆ దారి గురించి చెప్పేవాళ్లే లేరు, ఎందుకంటే చెబితే ఫీజు కట్టేవాళ్లు తగ్గుతారు.

నేను అడిగేవి స్పష్టంగా అడుగుతున్నాను. చట్టంలో ఇంటిబడికి ఒక వాక్యం రాయండి. దానితో పాటు ఒక కాపలా కూడా పెట్టండి. ఇంట్లో చదివే ప్రతి పిల్ల పేరూ మండల విద్యాధికారి దగ్గర నమోదు కావాలి, ఏడాదికోసారి ఎవరో ఒకరు వచ్చి ఆ పిల్లతో విడిగా మాట్లాడాలి. ఇంటిబడి పేరు చెప్పి ఆడపిల్లని చాకిరీకో, పెళ్లికో బడి మాన్పించే ఇల్లు ఒక్కటి ఉన్నా ఆ తనిఖీ కావాల్సిందే. నిజంగా చదివించే ఏ తల్లీ దానికి భయపడదు. టీచర్ల శిక్షణ కాలేజీల్లో అన్ని వయసులకీ కలిపి చెప్పడాన్ని అసలు పాఠంగా పెట్టండి, అనుబంధంగా కాదు. పిల్లలు తక్కువున్నారని పల్లె బడిని మూసే ముందు, ఆ టీచరుకి రిషి వ్యాలీ కార్డుల్లాంటివి చేతికిచ్చి మూడేళ్లు చూడండి.

తండ్రులకి కూడా ఒక మాట. ఇంటిబడి అంటే తల్లి ఉద్యోగం మానెయ్యడం అని రాసిపెట్టి ఉన్నట్టు మాట్లాడకండి. మూడు వయసుల పిల్లలతో పగలంతా గడిపిన మనిషికి రాత్రి వంట కూడా అప్పగించి, "ఇంట్లోనే ఉంటావుగా" అనేవాడికి పిల్లల చదువు గురించి మాట్లాడే హక్కు లేదు. కథ చదవడం మీ పని కావచ్చు, లెక్కలు మీ పని కావచ్చు, కుదరకపోతే అంట్లు మీ పని కావాలి. ఆ పంపకం లేని ఇంట ఇంటిబడి మొదలుపెట్టొద్దు, ఎందుకంటే అక్కడ విరిగేది తల్లి నడుమే.

అందరూ పిల్లల్ని ఇంట్లో చదివించలేరు. కూలికి పోయే తల్లి, షాపులో నిలబడే తండ్రి, ఒంటరిగా సంసారం ఈదే మనిషి ఏం చెయ్యగలరు? వాళ్లని ఇంటిబడి పెట్టమనడం దుర్మార్గం. అందుకే నేను ఇంటితో ఆగడం లేదు. ఇంట్లో రుజువైనది బడికి వెళ్లాలి. ఏ బడైనా సరే, గవర్నమెంటుదైనా ప్రైవేటుదైనా, రోజుకి ఒక్క గంట వయసుల గోడలు తీసెయ్యొచ్చు. ఏడో తరగతి పిల్ల రెండో తరగతి పిల్ల పక్కన కూర్చుని కథ చదివించొచ్చు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకే పంక్తిలో అన్నం తినొచ్చు. దానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త ఉద్యోగం అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. అయినా చెయ్యడం లేదంటే ఆపుతున్నది డబ్బు కాదు, పిల్లల కన్నా టైంటేబుల్ ముఖ్యం అన్న మొండితనం.

జూన్‌లో బడులు తెరిచే లోపు మీ పిల్లలు చదివే చోటికి వెళ్లండి. హెడ్మాస్టరు ఎదుట కూర్చుని ఆ ఒక్క గంట అడగండి. మీతో పాటు ఇంకో పదిమంది తల్లిదండ్రులని తీసుకెళ్లండి. కుదరదంటే, ఎందుకు కుదరదో కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇమ్మనండి. రాయలేరు. రాయడానికి కారణమే లేదు.